అద్దంలో సరిపోయిన ఇల్లు

ముప్పై నాలుగు సంవత్సరాల రెండు నెలల నా ఉద్యోగంలో కొలవకుండా ఒక్కసారే సంతకం పెట్టాను. ఇది ఆ ఒక్కదాని గురించే. మిగతా సంతకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

బీదరులో పట్టణ నక్షాలు తయారుచేసే ఒక కార్యాలయంలో నేను ట్రేసరుని. ఇంజనీరు పెన్సిలుతో గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి సిరాతో ఎత్తి గీయాలి. గీసింది స్థలంలో ఉన్నదానితో సరిపోయిందో లేదో టేపు పట్టి చూడాలి. చూశాక అడుగున "ఉన్నది ఉన్నట్టు, సరి" అని రాసి సంతకం చేయాలి. నా తరవాత అక్కడ చేరిన మీరు ఇప్పుడు ఆ పని కంప్యూటరులో చేస్తున్నారు. సంతకం మాత్రం ఇంకా చేత్తోనే పెడుతున్నారు, అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. పేర్లు రాయను. తేదీలూ రాయను. అవి నా డైరీలో ఉన్నాయి, ఇక్కడ రాస్తే ఏ ఫైలో మీరు గంటలో పట్టేస్తారు. వారాలు, అడుగులు, అంగుళాలు మాత్రం రాస్తాను.

పాత ఊరిలో ఒక ఇల్లు ఉంది. రాయీ గచ్చూ వేసి కట్టింది, ముందు ఏడు కమానులు, ఒక చివర మెట్లున్న గుండ్రటి బురుజు. బురుజుతో కలిపి ముందుభాగం యాభై రెండు అడుగుల నాలుగు అంగుళాలు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వీధి మొదట్లో నిలబడితే ఇల్లంతా కనిపించేది. తరవాత ఒక పక్క ఐదంతస్తుల నీలపుటద్దాల దుకాణాల భవనం లేచింది. మరో పక్క మొబైలు టవరు. ఎదురుగా పెళ్ళిళ్ళ హాలు. నడుమ కరెంటు తీగలు, హాలువాళ్ళ బ్యానర్లు, ఒక జీన్సు ప్యాంట్ల బోర్డు. ఇంటిని ఇప్పుడు ముక్కలుగా చూడాలి, ఒక కమాను ఇక్కడనుంచి, అర బురుజు అక్కడనుంచి.

ఆ ఇంట్లో ఉండేది పదవీ విరమణ చేసిన ఒక నర్సు. మా చర్చిలో నాకు ముందు వరసలో కూర్చుంటుంది. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నేను అక్కా అంటాను. ఇంటి వెనక భాగం కప్పు ఒక వానాకాలంలో కూలిపోయింది. ఆమె మంచం, పొయ్యి, బీరువా అన్నీ ముందు గదిలోనే. ముందు గది లోతు పద్నాలుగు అడుగులు.

ఇక బొమ్మ సంగతి. ఈ గొడవకు ఇరవై ఆరేళ్ళ ముందు ఒక బడిలో డ్రాయింగు చెప్పే సారు ఆ ఇంటిని టేకు చెక్క మీద చెక్కి, సిరా పూసి కాగితాల మీద అచ్చులు తీశాడు. మంచి పనితనం. ఇల్లు ఒక్కటే ఉంటుంది అందులో, వెనక ఆకాశం, బురుజు మీద రెండు పావురాలు. ఆ అచ్చు మా ఊరికి ఎంత నచ్చిందంటే లాడ్జీలో, డాక్టరు దగ్గర, మా ఆఫీసరు సాహెబు కుర్చీ వెనక, అన్నిచోట్లా అదే. మిఠాయి డబ్బాల మీద కూడా వేశారు. బయటినుంచి వచ్చినవాళ్ళు మిఠాయి డబ్బా పట్టుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ ఆ ఇంటి ముందునుంచే వెళ్ళిపోయేవారు.

నా ఉద్యోగం ఇంకా ఎనిమిది నెలలు ఉందనగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కాపాడవలసిన పాత ఇళ్ళ జాబితా తయారుచేయాలి, ఒక్కో ఇంటికి ఒక ఫొటో, ఒక నక్షా జతచేయాలి. అదే సమయంలో ఆ వీధి వెడల్పు చేసే పని కూడా నడుస్తోంది. జాబితాలో ఉన్న ఇల్లు వదిలేస్తారు, లేని ఇంటినుంచి పదకొండు అడుగులు తీసుకుంటారు. పద్నాలుగులో పదకొండు పోతే ఎంత మిగులుతుందో నర్సక్కకు నేను చెప్పనక్కర్లేదు. మూడు అడుగుల్లో మంచం అడ్డంగా కూడా పట్టదు.

ఫొటోకు వెళ్ళినవాడు మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ జీన్సు ప్యాంట్లతో తిరిగొచ్చాడు. మా సాహెబు చిట్గుప్ప వైపు మనిషి, నిదానస్థుడు. ఫొటోలు చూసి కుర్చీ వెనక గోడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇల్లు ఇక్కడ సాఫ్‌గ కనవడ్తుంటె మనం అక్కడెందుకు తిరుగుతున్నం? గిదే పెట్టు ఫైల్ల."

"సార్, అది బొమ్మ."

"ఫొటో మాత్రం బొమ్మ కాదా?"

ఫ్రేములోంచి అచ్చు తీసి అట్టకు అంటించి జతచేశాం. నక్షా నేను గీయాలి. శుక్రవారం. సోమవారానికి ఫైలు వెళ్ళాలి. వెడల్పు ఇంటిపన్ను రిజిస్టరులోంచి రాసుకున్నాను, టేపు తీయలేదు, కమానులు ఏడని లెక్కపెట్టాను. మొత్తం ఆకారం ఎక్కడినుంచి చూసినా కనిపించలేదు కాబట్టి దాన్ని అచ్చులోంచి ఎత్తి గీశాను. ఆ వీధిలో రోజుకు రెండుసార్లు చొప్పున ముప్పై మూడేళ్ళకు పైగా నడిచాను, నాకు తెలియని ఇల్లా అనుకున్నాను. సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు "ఉన్నది ఉన్నట్టు, సరి" అని రాశాను. నా కింద సాహెబు సంతకం పెట్టాడు. ఇల్లు జాబితాలోకి ఎక్కింది. నర్సక్క చర్చిలో నాకు పల్లీపట్టీ ఇచ్చింది.

మూడు నెలలకు, ఒక బుధవారం, బెంగళూరునుంచి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. కన్నడంలో మాట్లాడాడు, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. అచ్చు చేతిలో పట్టుకుని బ్యానర్ల కింద వంగి, ఇంటి ముందు ఈ చివరనుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు.

"బొమ్మలో బురుజు ఎడమవైపు ఉంది. ఇక్కడ కుడివైపు ఉంది" అన్నాడు.

నేను చూశాను. నిజమే.

ఇది రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది కాబట్టి ఇక్కడ ఒక నిమిషం ఆగుతాను. టేపు నా చేతిలోనే ఉంది.

అధికారి పద్ధతిగల మనిషి. పంచనామాకు పక్క దుకాణాలవాళ్ళను పిలిచాడు. "ఈ ఇంటి బురుజు ఎటువైపు?" అని అడిగాడు. అడిగేటప్పుడు అచ్చు ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. వాళ్ళు అచ్చును చూశారు, అధికారి ముఖం చూశారు, నర్సక్కను చూశారు. ఆమెకు మేలు చేయాలనుకున్నారు. సర్కారు మనిషి చేతిలో ఏముంటే అదే నిజమని చెబితే పని అవుతుందని మా ఊళ్ళో ప్రతి మనిషికీ తెలుసు.

"ఎడుమకే సార్" అన్నాడు పెళ్ళిళ్ళ హాలు యజమాని, కుడివైపున్న బురుజుకు వీపు ఆనించి. "మా తాతలకాడికెల్లి ఎడుమకే ఉన్నది."

"నేను పుట్టినకాంచి చూస్తున్న సార్, ఎడుమకే" అన్నాడు టీకొట్టు ఆయన.

"అన్నా, జర ఎనుకకు చూడున్రి" అంది నర్సక్క.

"నువ్వు ఊకో అక్కా, మేం చెప్తున్నం గదా."

నలుగురు సంతకాలు పెట్టారు. అధికారి రాసింది ఇది: స్థానికుల వాంగ్మూలం ప్రకారం పురాతనమైన ఇంటికి ఎడమ బురుజు ఉండేది, ప్రస్తుతం స్థలంలో కుడి బురుజు ఉన్న వేరొక కట్టడం ఉన్నది, కనుక అసలు ఇల్లు ఎప్పుడో కూల్చివేయబడినది. అభ్యంతరాలకు పదిహేను రోజులు.

మర్నాడే రోడ్డువాళ్ళు వచ్చి నర్సక్క గది లోపల నేల మీద ఎర్ర రంగుతో గీత గీశారు. నేను కొలిచాను, పదకొండు అడుగుల ఒక అంగుళం. గీత ఆమె మంచం లోపలివైపు కోళ్ళ పక్కగా పోయింది. మంచం మొత్తం రోడ్డులో ఉంది, బీరువా మాత్రం ఇంట్లో ఉంది.

ఆ సాయంత్రం నేను తప్పు ఒప్పుకుంటూ కాగితం రాశాను. స్థలంలో పూర్తిగా చూడకుండా అచ్చునుంచి నక్షా తీశాననీ, పూర్తి బాధ్యత నాదేననీ. తేదీ, సమయం, సంతకం. తీసుకెళ్ళి సాహెబు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, గ్లాసు కింద పెట్టి, గ్లాసు ఎత్తి, మళ్ళీ చదివాడు.

"అమ్మా, గిది నేను తీసుకుంటె ఏమైతదో చెప్త విను. నక్షా గల్తీ అయితె ఫైలు గల్తీ. ఫైలు గల్తీ అయితె ఇల్లు జాబితాలకెల్లి పోతది. మళ్ల ఎక్కియ్యనీకి దర్ఖాస్తు గడువు అయిపాయె. నువ్వు నిజం చెప్తె ఆ అక్క ఇల్లు పదిహేను రోజులు కూడ ఆగది, రేపే పోతది."

"అబద్ధం చెప్పమంటారా సార్?"

"నేను ఏం జెప్పమంటలే. కాయిదం ఇంటికి తీస్కపో అంటున్న."

తీసుకుపోయాను. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

సాహెబు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, అది కూడా చెప్పాలి. రెండో రోజు, పెళ్ళిళ్ళ హాలువాళ్ళతో మాట్లాడి ప్లైవుడ్డుతో ఎడమవైపు ఒక బురుజు కట్టిద్దామన్నాడు. రంగు వేస్తే తెలియదట. నర్సక్కను అడిగితే, "మంచిదే సారూ, రెండు బుర్జులైతె ఒకటి కిరాయికి ఇస్త" అంది. ఆయన ఆ ఆలోచన మానుకున్నాడు. మూడో రోజు అచ్చును వెనకనుంచి వెలుతురుకు పెట్టి చూపిద్దామన్నాడు. అచ్చు అట్టకు అంటించి ఉంది, వెలుతురు రాదు. అంటించింది నేనే, నాలుగు మూలలా కాకుండా మొత్తం.

నాలుగో రోజు ఆదివారం, చర్చికి వెళ్ళకుండా ఔరాదుకు బస్సెక్కాను. డ్రాయింగు సారు బడి మానేశాక అక్కడే ఉంటున్నాడు. నన్ను కూర్చోబెట్టి, విషయమంతా విని, చాలాసేపు నవ్వాడు.

"అమ్మా, అచ్చు అంటెనే తిరగవడ్తది. నేను చెక్క మీద కంటికి కనవడ్డట్టే చెక్కిన. కాయిదం ఒత్తి తీసినంక అటుది ఇటు అయితది. నీకు తెల్వదా? ఆఫీసుల రబ్బరు మోర్లు రోజు కొడ్తవ్ గదా."

దాదాపు ముప్పై నాలుగేళ్ళు ఆ ముద్రలు కొట్టాను. రబ్బరు మీద అక్షరాలు తిరగేసి ఉండడం ప్రతిరోజూ చూశాను.

"మరి ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ చెప్పలేదా సార్?"

"ఎవ్వలన్న అడిగితె గద చెప్పేది. ఇంటి ముంగట నిలవడి బొమ్మ చూసినోడు ఒక్కడు రాలే."

చెక్క ఉందా అని అడిగాను. ఆయన భార్య లోపలినుంచి తెచ్చింది. దాంతో ఆమె పాపడాలు ఒత్తుతోందట. చదును వైపు పిండి అతుక్కుంటుందని చెక్కిన వైపు వాడుతోంది. నాకు పెట్టిన పాపడాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాను. ఏడు కమానులు, బురుజు. ఎడమవైపే. తినేశాను.

చెక్క మీద మాత్రం బురుజు కుడివైపు ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చి సోమవారం బెంగళూరుకు సాహెబుచేత ఫోను చేయించాను. సాక్ష్యం దొరికింది అన్నాడు సాహెబు. అవతలి జవాబు ఆయన ముఖం మీదే కనిపించింది. ఫోను పెట్టేసి చెప్పాడు: "జాబితాల కాయిదం బొమ్మ మంజూరైంది. కాయిదానికి ఇల్లు సరిపోవాలె. చెక్కకు సరిపోతె లాభం లేదు. అదీగాక చెక్కకు బెజ్జం పడది, ఫైలుకు ట్యాగు ఎట్ల కడ్తరని అడుగుతున్నడు." ఒక్క మెహర్బానీ చేశాడట, పద్నాలుగో రోజు ఇంకోసారి వచ్చి చూస్తానన్నాడు.

పదో రోజు సాయంత్రం, ఇక చేయగలిగింది ఏమీ లేదని చెప్పడానికి నర్సక్క ఇంటికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని మందుల డబ్బా సర్దుకుంటోంది.

"ఏందే చెల్లె, దవఖానల పీనుగు ముంగట నిలవడ్డట్టు నిలవడ్డవ్. కూసో. రోడ్డు మీద కూసుంటవా, ఇంట్ల కూసుంటవా?"

గీత ఇవతల, బీరువా పక్కన, స్టూలు మీద కూర్చున్నాను. చెప్పవలసింది చెప్పాను. నా సంతకం సంగతి కూడా చెప్పాను. ఆమె మందుల డబ్బా మూత పెట్టింది. తరవాత, "నేను నలభై ఏండ్లు సూదులిచ్చిన. ఒక్కపారి ఎడుమ చెయ్యికి బదులు కుడి చెయ్యికి ఇచ్చిన. ఆ పేషంటు బతికే ఉన్నడు" అంది. లేచి ఏదో తీయడానికి బీరువా తలుపు తెరిచింది. తలుపుకు నిలువుటద్దం. తలుపు తిరగగానే అందులో ఎదుటి గోడ కనిపించింది. ఎదుటి గోడకు, డ్రాయింగు సారు ఎప్పుడో ఇచ్చిన ఆ అచ్చే. అద్దంలో బురుజు కుడివైపు ఉంది.

"అక్కా, తలుపు అట్లనే ఉంచు" అన్నాను.

బొమ్మను అద్దంలో చూస్తే ఇంటికి సరిపోతోంది. బొమ్మ మంజూరైంది, దాన్ని ముట్టుకోవడానికి లేదు. అయితే ఇంటిని అద్దంలో చూస్తే బొమ్మకు సరిపోవాలి. టేపు తీశాను. అద్దం వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. బీరువాను వీధి అవతల పెడితే ఇంటికీ అద్దానికీ నలభై అడుగులు. మనిషి కన్ను అద్దానికి ఒక్క అడుగు దూరంలో ఉంటే అందులో అరవై ఒక్క అడుగుల ఆరు అంగుళాల మేర కనిపిస్తుంది. యాభై రెండు అడుగుల నాలుగు అంగుళాల ఇల్లు అందులో పడుతుంది. లెక్క రెండుసార్లు వేసి మూడోసారి కిందినుంచి పైకి వేశాను.

పద్నాలుగో రోజు, బుధవారం, పదకొండు గంటలు. హాలులో పెళ్ళి ఉంది. బ్యానర్లు విప్పించడానికి హాలు యజమాని ఒప్పుకున్నాడు, ఎడమ అని చెప్పిన దోషం ఆయనను కొంచెం బాధిస్తోంది. బీరువా ఎత్తడానికి మనుషులు లేరు. పెళ్ళికొడుకు కోసం ఎదురుచూస్తున్న బ్యాండువాళ్ళలో నలుగురు ఎర్రకోట్లతో వచ్చి దాన్ని వీధి దాటించారు. వెనక డప్పు పట్టుకున్నవాడు అలవాటు చొప్పున నెమ్మదిగా వాయిస్తూ నడిచాడు. రెండు ఆటోలు, ఒక సిటీ బస్సు ఆగాయి.

అధికారి అచ్చు పట్టుకుని ఇంటికి వీపు పెట్టి బీరువా ముందు నిలబడ్డాడు. నేను ఆయన చెప్పుల ముందు సుద్దముక్కతో గీత గీశాను, ఒక అడుగు. "ఇక్కడే ఉండాలి సార్, వెనక్కి జరిగితే బురుజు పోతుంది."

చూశాడు. లెక్కపెట్టాడు.

"ఆరే ఉన్నాయి."

"ఏడోది మీ ముఖం వెనకాల ఉంది సార్."

ముఖం పక్కకు జరిపాడు. నాలుగో కమాను వచ్చింది, బురుజు పోయింది. ఇటు జరిపాడు, బురుజు వచ్చింది, నాలుగో కమాను పోయింది. ఇలా ఆరేడుసార్లు. బస్సు కిటికీలోంచి ఒక ముసలాయన, "ఏం జేస్తుండు ఆ సారు?" అని అడిగాడు. "గడ్డం గీకిచ్చుకుంటుండు" అని ఎవరో జవాబు చెప్పారు.

నర్సక్క తన గుమ్మంలోనుంచి అరిచింది. "సారూ, నాలుగోది నా దర్వాజనే. ఇటుకెల్లి లెక్కవెట్టినా నాలుగే, అటుకెల్లి లెక్కవెట్టినా నాలుగే. దాన్ని అద్దంల చూసేదేముంది, తిరిగి చూడున్రి."

అధికారి ఆలోచించాడు. నడుమది ఎటునుంచి చూసినా నడుమదే. వెనక్కి తిరిగి నేరుగా ఆ ఒక్క కమానును, అందులో నిలబడ్డ నర్సక్కనూ చూసి, మళ్ళీ అద్దం వైపు తిరిగి మిగతా ఆరూ చూసి, అచ్చు చూశాడు. సరిపోయింది. ఆయన ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది.

"జీన్సు బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి" అన్నాడు, కలం తీస్తూ ఆగి.

"అది పురాతనమైంది కాదు సార్" అన్నాను.

రాశాడు: అద్దం సహాయంతో పరిశీలించగా కట్టడము చిత్రముతో సరిపోయినది. పరిశీలనకు వాడిన బీరువా అద్దమును యథాతథముగా భద్రపరచవలెను. ప్రతి సంవత్సరము ఇదే విధముగా తనిఖీ జరుపవలెను. కింద, సాంకేతిక సహాయకురాలిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. బ్యాండువాళ్ళు ఈసారి అడగకుండానే గట్టిగా వాయించారు, పెళ్ళికొడుకు వచ్చాడనుకుని హాలులోంచి ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో బయటికి వచ్చి అధికారిని చూసి ఆగిపోయారు.

నేను పదవీ విరమణ చేసిన రోజు కార్యాలయం నాకు ఒక బహుమతి ఇచ్చింది. ఏ బొమ్మ ఇచ్చారో మీరు ఊహించగలరు. దాన్ని ఇంట్లో గోడకు తగిలించాను, మేకు సరిగ్గా నడుమ.

ఇప్పటికి పది తనిఖీలు జరిగాయి. పదింటికీ నేను వెళ్ళాను. అద్దం కోణం నాకు తప్ప ఎవరికీ కుదరదు. నర్సక్కకు మంచి ధర వచ్చినా ఆ బీరువా అమ్మడానికి లేదు, తలుపుకు చెదలు పడితే మందు కొట్టించాం. ఈ ఏడు వచ్చిన అధికారిణి మీ వయసు పిల్ల. ఫోనులో బొమ్మను ఒక్క వేలితో తిప్పి, "ఇంత సులువు కదా మేడమ్, నక్షా సరిచేసి ఒక కాగితం ఇచ్చేయకూడదా?" అంది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి" అంది నర్సక్క. "సరిచేసుడు నీకు మంచిగనే ఉంటది. సరిచేసిన దినం నా మంచం రోడ్డు మీద వడ్తది. మా చెల్లెను అడుగు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను టేపు విప్పి, ఒక కొన ఆమెకు ఇచ్చి బురుజు దగ్గర పట్టుకోమన్నాను. యాభై రెండు అడుగుల నాలుగు అంగుళాలు. కమానులు ఏడు. గది లోపల ఎర్ర గీత మాసిపోయింది, కానీ ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. మంచం ఇప్పటికీ దానికి వీధివైపే ఉంది. అన్నీ కొలిచాక, కళ్ళజోడు తుడుచుకుని, బురుజు ఎడమవైపున్న ఆ నక్షా కింద "ఉన్నది ఉన్నట్టు, సరి" అని రాసి సంతకం పెట్టాను. మొదటిసారి కొలవకుండా పెట్టాను. ఆ తరవాత ప్రతిసారీ కొలిచే పెడుతున్నాను.

"ఇంక ఏడాదికి సరిపాయె" అంది నర్సక్క, బీరువాను లోపలికి మోయించుకుంటూ.